మూడో గేరు దాటని బండి

ఆటోమేటిక్ బండికి ట్రాలీ కట్టి లాగకూడదని మా అమలాపురం మెకానిక్కు దానం నెత్తీ నోరూ బాదుకునేవాడు. "బంగారరాజు గారూ, మామూలు బండైతే క్లచ్చు పోద్ది, మార్చుకుంటాం. ఇదైతే గేరుబాక్సే పోద్దండి. అప్పుడు బండి అమ్ముకోవాలండి" అనేవాడు.

నాకు ఒళ్ళు మండేది. ఎవరింట్లో మనిషి పోయినా, బంధువులంతా వచ్చేదాకా శవాన్ని చల్లగా ఉంచే అద్దాల ఫ్రీజరు పెట్టె నాది. ఆ పెట్టె, దాని జనరేటరు, రెండూ ట్రాలీ మీద పెట్టి ఈ డీజిలు పికప్పుతోనే లాగుతాను. రావులపాలెం నుంచి రాజోలు దాకా నేను వెళ్ళని ఊరు లేదు. వేళకి గేరు ఆయిలు మారుస్తూ, వేడెక్కినప్పుడు కాసేపు ఆపుతూ ఉంటే దానికేం రోగం? పైగా వెనకాల ఎంత బరువుందో అదే చూసుకుని గేరు వేసుకుంటుంది. ఎన్నో గేరులో ఉందో స్టీరింగు ఎదర తెర మీద అంకె పడుతుంది. డ్రైవరు పొరబడొచ్చు గానీ ఆ అంకె పొరబడదయ్యా అని దానంతో ఎన్నిసార్లు వాదించానో. ఇప్పుడు అదొక్కసారైనా పొరబడితే బాగుండునని దేవుడికి మొక్కుకుంటున్నాను.

శ్రావణమాసం, విడవని ముసురు. పాపని మా అమ్మ దగ్గర వదిలి, నా భార్య విజయని కొత్తపేటలో వాళ్ళ అక్క గారింట్లో దింపుదామని బయల్దేరేను. దారిలో ఫోను. ముందు రోజే ఆ పక్క ఊళ్ళో సత్తిరాజు గారింటి దగ్గర ట్రాలీ పెట్టి వచ్చేను. వాళ్ళమ్మ కనకమహాలక్ష్మి గారు పోయేరు. పండు ముసలావిడ.

"దారంతా మోకాల్లోతు బురదండీ, పాడె మొయ్యలేం. మీ బండితోనే శ్మశానం దాకా లాగి పెట్టాలండీ" అన్నారు సత్తిరాజు గారు.

కాదనే మాట కాదు కదా. "నేను దిగనండీ, బండిలోనే కూర్చుంటాను" అంది విజయ.

కాలవ గట్టు మీద మెల్లగా పోనిచ్చేను. రెండు పక్కలా కొబ్బరితోటలు. మధ్యాహ్నమే చీకటి పడిపోయినట్టుంది. తడిసిన బంతిపూలు, అగరొత్తులు, కుళ్ళిన కొబ్బరి డొక్కల కంపు... అన్నీ కలిసి ఏసీలోంచి లోపలికొస్తున్నాయి. జనం గొడుగులేసుకుని వెనకాల నడుస్తున్నారు. సగం దారిలో ఆపమన్నారు. దింపుడు కళ్లం.

మీకు తెలిసే ఉంటుంది. అక్కడ పెద్దకొడుకు చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తాడు. ఎక్కడన్నా కాస్త ప్రాణం మిగిలుంటే పలుకుతారని ఆశ. సత్తిరాజు గారికి అరవై దాటుంటాయి. పెట్టె మూత ఎత్తి లోపలికి వంగేరు.

"అమ్మా..."

వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"అమ్మా..."

మూడోసారి ఆయనకి ఏడుపు ఆగలేదు. చిన్నపిల్లాడిలా అరిచేరు. "అమ్మా!"

"ఆయ్... వస్తున్నా నాన్నా."

పలికింది మా విజయ. అద్దం దించుకుని ముందు సీట్లో కునికిపాట్లు పడుతోంది పిచ్చిది. ఇంట్లో పాప క్షణానికోసారి అమ్మా అంటుంది, ఇది చేసే పనిలోంచి తలెత్తకుండా ఇలాగే పలుకుతుంది. పిలిస్తే పలక్కుండా ఉండటం మా గోదావరి వాళ్ళకి చేతకాదు. నిద్దట్లో కూడా ఆయ్ అనేస్తాం.

ఒక పెద్దాయన నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగేరు. "మీ ఇంటావిడా అండీ?"

"ఆయ్."

"ఆ పిలుపుకి ఇంకోళ్ళు పలక్కూడదండీ..."

"పలికితే ఏమవుద్దండీ?"

ఆయన నా మొహం చూడలేదు. "పదండి, వాన పెరుగుతోంది" అన్నారు.

శ్మశానంలో రేకుల షెడ్డు కింద కట్టెలు పేర్చి ఉంచేరు. దేహాన్ని దింపుకున్నారు. ఖాళీ పెట్టెతో నేను వెనక్కి బయల్దేరేను. గట్టు దిగి తారు రోడ్డెక్కేక బండి జోరందుకోవాలి. అందుకోలేదు. ఇంజను గోల పెడుతోంది గానీ బండి కదల్లేక కదులుతోంది. తెర మీద చూస్తే మూడు. ఇంకాస్త తొక్కేను. మూడే. ముందు రోజు ఇదే ట్రాలీని ఆరో గేరులో హాయిగా లాగిన రోడ్డే అది!

గేరుబాక్సు వేడెక్కిందని ఎర్ర దీపం వెలిగింది. దానం మాటే నిజమైందిరా దేవుడా అనుకుంటూ పక్కకి తీసి ఆపేను. ట్రాలీ బ్రేకులు పట్టేశాయేమోనని చక్రాల మీద చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉన్నాయి. పెట్టె మూత ఎత్తేను. లోపల ఏమీ లేదు. సరే, ఇంజను చల్లారాక ట్రాలీ విప్పేసి, కరెంటు స్తంభానికి గొలుసేసి తాళం పెట్టేను. విప్పేటప్పుడు రోజూలాగే తేలిగ్గానే పైకి లేచింది. మళ్ళీ బండెక్కేను.

ఇప్పుడు వెనకాల ఏమీ లేదు.

అంకె మూడు దాటలేదు.

అప్పుడు గమనించాను చలి. ఏసీ ఎప్పుడో కట్టేశాను. అయినా ఫ్రీజరు పెట్టెలో తల పెట్టినట్టుంది. విజయ పక్కనే ఉంది. అద్దానికి తల ఆనించి ఎదరకి చూస్తోంది. రెప్ప వెయ్యడం లేదు.

"విజయా."

పలకలేదు.

"విజయా!"

పిలిస్తే పలికే మనిషి... పలకలేదు. చాలాసేపటికి పెదాలు కదిలేయి. గొంతు దానిదే.

"పెద్దాడు తడిసిపోతున్నాడండీ..."

"ఏ పెద్దాడే? మనకున్నది ఒక్క ఆడపిల్ల!"

"పిలిచేడు కదా... వెళ్ళి చూడాలి."

భయమంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. శవాల పక్కన మసలడం నాకు కొత్త కాదు. కానీ ఇది నా విజయ. ఇది లేకపోతే నా ఇల్లూ లేదు, నేనూ లేను. వచ్చిన దారినే బండి తిప్పేను. మూడో గేరులో, ఎర్ర దీపం మళ్ళీ వెలిగినా, పోతే పోనీ గేరుబాక్సు అనుకుని తొక్కేను.

శ్మశానం నుంచి జనం తిరిగి వస్తున్నారు. కాలవలో మునిగి, తడి బట్టలతో, వెనక్కి తిరిగి చూడకుండా వరసగా నడుస్తున్నారు. అందరికంటే ముందు సత్తిరాజు గారు. నేను బండి ఆపకుండానే విజయ తలుపు తీసేసింది. బురదలో చెప్పుల్లేకుండా నడిచి ఆయన ముందు నిలబడింది. చీరకొంగుతో ఆయన తల తుడవడం మొదలెట్టింది. మా నాన్న వయసున్న మనిషాయన.

"జలుబు చేస్తదిరా..." అంది.

సత్తిరాజు గారి మొహం చూడలేకపోయేను. ఆ పెద్దాయన వెనకనుంచి గుసగుసగా అన్నారు. "నువ్వు పిలిచేవు సత్తిరాజూ. నువ్వే పంపించెయ్యాలి."

ఆయన రెండు చేతులతో విజయ మొహం పట్టుకున్నారు. ఆ కళ్ళలోకి చూస్తూ, వెక్కుతూ అన్నారు. "వెళ్ళమ్మా. నేను బాగానే ఉన్నాను. వెళ్ళిపో తల్లీ."

"ఆయ్" అంది విజయ.

అని కుప్పకూలిపోయింది. నేను పట్టుకున్నాను. నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచి చుట్టూ చూసింది. "ఇదేంటండీ, ఇక్కడికెందుకొచ్చేం? నా చెప్పులేవీ?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చేసింది, అందరి ముందూ ఏడ్చేశాను. సిగ్గు కూడా వెయ్యలేదు.

వాళ్ళక్క ఇంటికి వద్దని, రావులపాలెంలో మా ఇంటికి తీసుకొచ్చేశాను. దారిలో ట్రాలీ తగిలించుకున్నాను. నాలుగు, ఐదు, ఆరు... అంకెలు చకచకా మారిపోయేయి. ఎర్ర దీపం ఆరిపోయింది. ఇంత తేలిగ్గా ఈ బండి ఎప్పుడూ వెళ్ళలేదు. విజయ కబుర్లు చెబుతూనే ఉంది. పాపకి జంతికలు కొనమంది. నేను ఊఁ కొడుతూ, వినాయకుడికి దణ్ణం పెట్టుకుంటూ నడిపేను.

మర్నాడు బండి దానానికి చూపించాను. ఆయిలు తీసి వాసన చూసి, "గేరుబాక్సుకి ఏమీ కాలేదండీ, మీ అదృష్టం" అన్నాడు.

వారం గడిచింది. విజయ వండుతోంది, పాపకి జడలేస్తోంది, నామీద విసుక్కుంటోంది. అంతా మామూలే. మామూలే అనుకున్నాను.

నిన్న సాయంత్రం ముగ్గురం బండిలో బయల్దేరేం. మా బండిలో పక్క సీట్లో బరువు పడితే చాలు, బెల్టు పెట్టేదాకా గంట కొడుతూనే ఉంటుంది. ఆఖరికి అరటిగెల పెట్టినా ఊరుకోదు. విజయ పాపని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది, బెల్టు పెట్టుకోలేదు. గంట కొట్టడం మొదలెట్టింది.

"పాపని ఇలా ఇవ్వు, ముందు నువ్వు బెల్టు పెట్టుకో" అని పాపని నా ఒళ్ళోకి తీసుకున్నాను.

గంట ఆగిపోయింది, ఆ సీటు ఖాళీగా ఉన్నట్టు.

విజయ ఇంకా బెల్టు పెట్టుకోలేదు. నాకేసి చూసి నవ్వుతోంది.