జెండా వెనకవైపు

శుక్రవారం మధ్యాహ్నం బతా బజారులో మనిషిని చంపడం చాలా తేలిక. రియాద్‌లో కూలికీ కొలువుకీ వచ్చినవాళ్లంతా సెలవు రోజున ఆ సందుల్లోకే వచ్చి పడతారు. భుజాలు రాసుకుంటూ నడుస్తుంటే పక్కవాడి చేతిలో ఏముందో ఎవడు చూస్తాడు? బాషాను అలాగే పొడిచారు. జ్యూస్ షాపు ముందు, సన్నటి చువ్వతో, పక్కటెముకల సందున. మామిడి రసం గ్లాసు ఇంకా అతని చేతిలోనే ఉంది.

హేమసుందర్ జనాన్ని తోసుకుంటూ వచ్చేసరికి బాషా గోడకు చేరగిలబడి కూర్చుని ఉన్నాడు. చుట్టూ మూగినవాళ్లు సెల్‌ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్నారు. ఒకడైతే తన ఫొటోకు అడ్డం వస్తున్నాడని పక్కవాణ్ని జరగమంటున్నాడు.

బాషాది కడప. పైకి ట్యాక్సీ డ్రైవరు, లోపల మన సీక్రెట్ సర్వీస్ ఇన్‌ఫార్మర్. హేమసుందర్ చెవి దగ్గర పెట్టగానే నాలుగు మాటలు చెప్పాడు.

“జెండాలో పెట్టినారన్నా. పరాగ్వే జెండా. రేపు పైకి ఎక్కిందంటే హాలు మొత్తం లేచిపోతాది. కుట్టినోడు మనోడే, నర్సింలు. వానికేం తెలీదు, పాపం. వాణ్ని ఇరికించొద్దు.”

అంతే, ప్రాణం పోయింది. అంబులెన్స్ వచ్చేదాకా ఆ శవం మీద గుడ్డ కప్పినవాడు లేడు. హేమసుందర్ కూడా కప్పలేదు. చచ్చిపోయిన ఇన్‌ఫార్మర్‌కు కావలసినవాడిలా ఏజెంట్ కనిపించకూడదని సర్వీస్ రూలు. ఆ రూలు రాసిన పెద్దమనిషి ఎవడోగానీ ఎదురుగా ఉంటే మొహాన ఉమ్మేసేవాడు.

*

ఆ సందు చివరే ఓ కార్గో ఆఫీసు ఉంది. ఇళ్లకు పంపే దుప్పట్లు, పాలపొడి డబ్బాలు అట్టపెట్టెల్లో కట్టి పేర్చి ఉంటాయి. దాని మేనేజరు భూషణం. రియాద్ స్టేషన్‌కు చీఫ్ ఆయనే. కౌంటర్ దగ్గర హేమసుందర్ “హాయిల్ టొమాటోలు వచ్చాయా?” అని అడిగాడు. “కుళ్లిపోయాయి, లోపలికి రా,” అన్నాడు భూషణం. కోడ్ వర్డ్ అది. ఆ పూటకు సరిగ్గానే సరిపోయింది.

బ్రీఫింగ్ ఇచ్చినంతసేపూ భూషణం కారు తాళంచెవితో చెవి తిప్పుకుంటూనే ఉన్నాడు. బాషా పోయాడంటే “అయ్యో” అని, తాళంచెవి కొసను చూసుకుని, రెండో చెవిలో పెట్టాడు.

బాషా చివరి మాటలను అతని పాత రిపోర్టులతో కలిపితే తేలిన విషయం ఇది. సౌదీ ప్రభుత్వం గోధుమ సాగును మెల్లగా మానేసి దిగుమతికి వెళ్తామని ఆ ఏడాది, అంటే రెండువేల ఎనిమిదిలో ప్రకటించింది. అమ్ముకోవడానికి దేశదేశాల వాళ్లు వచ్చి వాలుతున్నారు. రేపు ఉదయం ధాన్యం కాన్ఫరెన్స్. మిల్లర్ అనే కోడ్ నేమ్‌తో తిరిగే యూరప్ బ్రోకర్ ఒకడు పోటీదారులను లేపేయడానికి ప్లాన్ వేశాడు. దక్షిణ అమెరికా టీమ్‌లు కూర్చునేచోట పరాగ్వే జెండా పేలాలి. జెండా రెండు పొరల మధ్య కాగితమంత పల్చటి ప్లాస్టిక్ ఎక్స్‌ప్లోజివ్, స్తంభం కొసన ఉన్న ఇత్తడి గుండులో ట్రిగ్గర్. జెండా గుండును తాకితే బ్లాస్ట్. నేరం మోయడానికి ఓ పరాయి పేదవాడు కావాలి కాబట్టి, కుట్టుపని మన టైలర్‌కిచ్చారు.

“గోధుమల కోసమా సార్?” అన్నాడు హేమసుందర్.

“ఆయిల్ కోసం చంపితే నీకు పర్వాలేదా ఏంటి? మన ఉజ్వల అక్కడే ఉంది. జెండాలన్నీ ఆమె చెక్ చేస్తుంది. నువ్వు ఏసీ టెక్నీషియన్‌గా హాల్లో బ్యాకప్ ఉండు.”

ఉజ్వల పరాగ్వే టీమ్‌కు స్పానిష్ ఇంటర్‌ప్రెటర్. మిల్లర్ ముఠాలోకి సర్వీస్ పంపిన డబుల్ ఏజెంట్. ఆమె తన మనిషని మిల్లర్ నమ్మాడు. కాదు, మన మనిషని భూషణం నమ్మాడు.

హేమసుందర్ టైలర్ మాటెత్తాడు. సౌదీ పోలీసులకు ముందే చెప్పేస్తే కాన్ఫరెన్స్ ఆగుతుంది కదా అన్నాడు. చెప్తే మన స్టేషన్ బయటపడుతుందని భూషణం కొట్టిపారేశాడు.

“తేడా వస్తే నర్సింలు పేరు మనమే ఇద్దాం. వాళ్లకీ ఎవడో ఒకడు దొరకాలి కదయ్యా. ఒక్కడు పోతే మిగతా లక్షలమంది వీసాలు నిలుస్తాయి.”

ఈ దేశంలో బాంబు కేసు అంటే తల తీయడమే. ఆ మాట అంటూనే భూషణం టీ తాగుతున్నాడు. హేమసుందర్ తన టీ ముట్టుకోలేదు.

*

నర్సింలు పనిచేసే టైలర్ షాపు కిటికీ లేని గది. మిషన్ మీదా కిందా అంతా ఆకుపచ్చ గుడ్డే. కామారెడ్డి వైపు నుంచి వచ్చాడు. సౌదీ జెండాలు కుట్టడంలో చెయ్యి తిరిగినవాడు. హేమసుందర్ కార్గో కంపెనీ నుంచి జెండా ఆర్డర్ మాట్లాడటానికి వచ్చినట్టు మాట కలిపాడు.

“రెండు బట్టలు ఎనకెనక పెట్టి కుడ్తం సారూ,” అన్నాడు నర్సింలు, మడతవిప్పి చూపిస్తూ. “దేవుని మాట రాసుంటది గద. ముంగటికెల్లి సూసినా ఎనకకెల్లి సూసినా సక్కగ సదువరావాలె. రెండు దిక్కులా ఒక్కటే ఉండాలె. గింత తేడా వచ్చినా మా కఫీల్ సేటు నన్ను జైల్ల ఏపిస్తడు.”

పరాగ్వే జెండా గురించి అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. నల్ల ముసుగు మేడమ్ ఎవరో వచ్చింది, ఉర్దూలో మాట్లాడింది. రెండు పొరలు కావాలంది. కర్ర వైపు కుట్టు వదిలెయ్యమంది, తర్వాత తనే కుట్టించుకుంటానంది. నిన్ననే మడతపెట్టిన ప్యాకెట్ పట్టుకుపోయింది.

“గా మేడం ఇచ్చిన బొమ్మల కాయితంల ఓ తప్పుండె సారూ. నేనే సరిజేసి…”

హేమసుందర్ ఫోన్ మోగింది. ఉజ్వల హోటల్ దగ్గర కారు కోసం ఎదురుచూస్తోంది. తప్పు సంగతి తర్వాత చెబుదువుగానీ అని నర్సింలు భుజం తట్టి బయటపడ్డాడు. బిడ్డ పెళ్లికని ఎగ్జిట్ వీసా అడిగితే, సంతకం పెట్టాల్సిన కఫీల్ నాన్చుతున్నాడని నర్సింలు వెనక నుంచి చెబుతూనే ఉన్నాడు.

*

ఆడమనిషి పక్కన కూర్చుంటే దారిలో ఆపి అడుగుతారు కాబట్టి హేమసుందర్ డ్రైవర్ వేషం వేశాడు. ఉజ్వల వెనక సీట్లో కూర్చుంది. నల్లటి అబాయా అంచున జరీ మెరుస్తోంది. అత్తరు వాసన ఎంత ఘాటుగా ఉందంటే హేమసుందర్ అద్దం దించి ఇసక గాలినే పీల్చుకున్నాడు. బాషా పోయాడని చెబితే ఆమె అద్దంలో కాటుక సరిచేసుకుంటూ “సో శాడ్” అంది.

జెండా గుర్తుపట్టడం ఎలాగని అడిగాడు. ఉజ్వలకు తన చదువు ప్రదర్శించడమంటే మహా ఇష్టం. హుషారుగా మొదలెట్టింది.

పైన ఎరుపు, మధ్యలో తెలుపు, కింద నీలం. ఫ్రెంచి విప్లవం నుంచి వచ్చిన రంగులని చాలామంది అంటారు. ఆ రోజుల్లో స్వేచ్ఛ కోరినవాళ్లందరికీ ఆ మూడే మోజు. కాదు, ఇంగ్లీషువాళ్లు బ్వేనస్ ఏరీస్ మీద పడినప్పుడు సాయం వెళ్లిన పరాగ్వే దళాలు వేసుకున్న రంగులని అక్కడివాళ్లు కొందరు చెప్పుకుంటారట. ఎరుపు న్యాయానికి, తెలుపు శాంతికి, నీలం స్వేచ్ఛకి.

“అసలు బ్యూటీ అది కాదు హేమ్. లోకంలో ఏ దేశపు జెండాకీ లేని తమాషా దానికుంది. ముందువైపు పసుపు నక్షత్రం, చుట్టూ ఆకుల దండ. మే నెలలో వాళ్లకు స్వాతంత్ర్యం వచ్చింది కదా, దానికి గుర్తు. వెనకవైపు సింహం. పక్కన కర్ర మీద ఎర్ర టోపీ. రెండు వైపులా రెండు బొమ్మలు.”

“మరి లోకల్‌గా కుట్టించిన జెండా?”

“తీసి తగలబెట్టించాను. రేపు ఎగరేసేది వాళ్ల దేశం నుంచి తెచ్చిన ఒరిజినల్. నా చేతుల్తో రెండు వైపులా చెక్ చేశాను. సింహం ఎంత ముద్దుగా ఉందో. రిలాక్స్.”

హేమసుందర్ రిలాక్స్ అయ్యాడు. ఆ సంగతి తలుచుకుంటే అతనికి ఇప్పటికీ తన మీద తనకే రోత.

*

శనివారం ఉదయం హాలు నిండిపోయింది. బయట ఎండ మాడ్చేస్తుంటే లోపల చలికి వణుకుతున్నారు. ముందు వరసల్లో ఖర్జూరాలు, వెండి కూజాల్లో కాఫీ. తిండి గింజల బేరానికి వచ్చిన పెద్దలు సగం కొరికిన పండ్లను తివాచీ మీదే పడేస్తున్నారు. వాటిని ఏరడానికి పచ్చ యూనిఫారం వేసుకున్న మనవాళ్లు వంగి తిరుగుతున్నారు. ఎవడూ కాలు కూడా పక్కకు తియ్యడంలేదు.

హేమసుందర్ నీలం బాయిలర్ సూట్‌లో స్టేజీ వెనక ఇనప మెట్ల మీద నిలబడి ఏసీ డక్ట్ విప్పుతున్నట్టు నటిస్తున్నాడు. జెండా స్తంభాల వీపులు, వాటి తాళ్లు, కప్పీలు అతనివైపే ఉన్నాయి. అతిథులంతా చూసేది జెండాల ముందువైపు. వెనకవైపు చూసేది పనివాళ్లే.

ఒక్కొక్క దేశం పేరు పిలుస్తున్నారు. బ్యాండు ఆ దేశం పాట వాయిస్తుంది, జెండా మెల్లగా పైకెక్కుతుంది. పరాగ్వే అన్నారు. ఆ దేశపు ఆఫీసరొకాయన తాడు పట్టుకుని లాగడం మొదలెట్టాడు. మడతలు విడుతూ జెండా లేచింది. హేమసుందర్ ముచ్చటపడి సింహం కోసం చూశాడు.

సింహం లేదు. నక్షత్రం ఉంది. ఆకుల దండతో సహా.

నర్సింలు మాట చెవిలో మోగింది. రెండు దిక్కులా ఒక్కటే ఉండాలె. ముసుగు మేడమ్ ఇచ్చిన కాగితంలో తప్పంటే ఈ సింహమే. జెండాకు రెండు ముఖాలేమిటని సౌదీ జెండాలకు అలవాటుపడిన చెయ్యి దాన్ని దిద్దేసింది. అంటే పైకెక్కుతున్నది బతాలో కుట్టిన జెండా. చెక్ చేశాను, సింహం ముద్దుగా ఉందన్న ఉజ్వల దాని వెనకవైపు చూడనేలేదు. చూడాల్సిన పని ఆమెకు లేదు. ఒరిజినల్‌ను దాచిందీ, దీన్ని కట్టించిందీ ఆమే.

సర్వీస్ ఇచ్చిన జామర్ పెన్ను తీసి నొక్కాడు. ట్రిగ్గర్ సిగ్నల్‌ను చంపుతుందని డెమోలో చెప్పారు. పెన్ను సిరా కక్కింది. వేళ్లన్నీ నల్లబడ్డాయి. అది కొన్నవాణ్ని మనసులో బండబూతులు తిట్టుకుంటూ స్తంభం మీదికి దూకాడు. జెండాకూ ఇత్తడి గుండుకూ మధ్య జానెడు ఎడముంది. ఏసీ పని కోసం తెచ్చుకున్న కటింగ్ ప్లేయర్ దవడలతో తాడును పట్టి కప్పీకేసి నొక్కాడు. తాడు ఆగింది. కప్పీలో పడ్డ చిటికెన వేలు నలిగింది.

కింద ఆఫీసర్ ఇంకా లాగుతున్నాడు. హేమసుందర్ పళ్లు బిగించి తాడును తనవైపు దించాడు. జెండా జారి, తాడు మెలిపడి, స్తంభానికి సరిగ్గా సగంలో ఇరుక్కుంది. బ్యాండు ఆగలేదు. హాల్లో గుసగుసలు. సగంలో జెండా నిలిపారంటే ఎవరు పోయారని పరాగ్వే టీమ్ లీడర్ పక్కవాణ్ని అడుగుతున్నాడు.

అందరూ పైకి చూస్తుంటే ఒక్క ఉజ్వల మాత్రం గుమ్మం వైపు నడుస్తోంది. సర్వీస్ కారిడార్‌లో హేమసుందర్ ఆమెకు అడ్డంగా నిలబడ్డాడు. వేలి నుంచి రక్తం కారుతోంది.

“ఎలా తెలిసింది?” అంది.

“సింహం లేదు.”

ఆమెకు అర్థం కావడానికి కాస్త టైమ్ పట్టింది. తర్వాత నవ్వింది. “ఆ టైలర్ గాడా. పోనీలే హేమ్. రొట్టె ఎవడో ఒకడు అమ్మాలి, మిల్లర్ అమ్మితే నీకేం? నీకూ వాటా మాట్లాడతాను.”

“బాషాను నువ్వే చూపించావా వాళ్లకి?”

“వాడి ట్యాక్సీలోనే తిరిగేదాన్ని. పాపం, రోజూ నీళ్ల బాటిల్ పెట్టేవాడు,” అంది తేలిగ్గా.

హేమసుందర్ ఆమె చేతులు ఏసీ వైరుతోనే కట్టి, పార్కింగ్‌లో ఉన్న భూషణం మనుషులకు అప్పగించాడు. మిల్లర్‌ను ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. పట్టుబడ్డప్పుడు శాండ్‌విచ్ తింటున్నాడట.

*

తాడు బాగుచేసే నెపంతో హేమసుందర్ జెండాను దించి, హాలు వెనక ఖాళీ స్థలంలో ఇసకలో పెట్టాడు. పేరు చెప్పని ఫోన్ అందుకుని బాంబు స్క్వాడ్ వచ్చేలోపు దాని అంచు తిప్పి చూశాడు. అనుకున్నట్టే అయింది. అలవాటుకొద్దీ నర్సింలు తన షాపు లేబుల్ కూడా కుట్టిపెట్టాడు. దాన్ని పీకి జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం భూషణం తాళంచెవితో చెవి తిప్పుకుంటూ, సౌదీవాళ్లు మన ఎంబసీని టైలర్ ఎవడని అడుగుతున్నారు, పేరు ఇచ్చేస్తే ఫైలు మూసేస్తారన్నాడు.

“లేబుల్ లేదు సార్. ఎవడు కుట్టాడో తెలీదు. ఉజ్వల మీద మీ నమ్మకం సంగతి నా రిపోర్టులో రాయాలో వద్దో కూడా ఇంకా తెలీదు. నర్సింలు ఎగ్జిట్ చేతికొచ్చాక ఆలోచిస్తాను.”

భూషణం చెవిలోంచి తాళంచెవి తీశాడు. ఎగ్జిట్ వారంలో వచ్చింది.

ఎయిర్‌పోర్టుకు హేమసుందరే దింపాడు. బాషా ట్యాక్సీ ఆపుకునే వీధి మీదుగా వెళ్తుంటే సగంలో ఆగిన ఆ జెండా గుర్తొచ్చింది. శవం మీద జానెడు గుడ్డకు నోచుకోని బాషాకు ఎక్కడో ఉన్న పరాగ్వే తన జెండా సగానికి దించి నిలబడింది. ఎవరు పోయారని అడిగింది కూడా వాళ్లొక్కరే.

దారిలో నర్సింలుకు చెప్పగలిగినంత చెప్పాడు. నువ్వు చేసిన తప్పు వల్ల హాలు నిండా ఉన్న జనం బతికారన్నాడు. నర్సింలు అంతా విన్నాడు. మిగతావన్నీ ఒప్పుకున్నాడు, తప్పన్న మాట మాత్రం ఒప్పుకోలేదు.

“ముంగట సుక్క, ఎనక సింహం. గదేం జెండా సారూ? గా దేశపోళ్లు ఎప్పటిసంది తప్పే కుట్టుకుంటున్నట్టున్నరు. మీకు కలిస్తె జర చెప్పుండ్రి.”

కలిస్తే తప్పకుండా చెప్తానని హేమసుందర్ మాటిచ్చాడు.