నిఘంటువుకెక్కని మూడక్షరాలు

"ఈ మాట పుస్తకంలోకి రాదు," అంది మానస, ఆ మాట రాసుకున్న కార్డు పక్కన పెడుతూ.

ఆళ్లగడ్డలో బస్సెక్కి నంద్యాలలో ఆమె ఇంటిదాకా వచ్చిన ఓబులేసు ఆమె ముఖంలోకే చూశాడు. ఆర్నెల్లుగా చాటింగ్‌లో మాట్లాడుతున్న పిల్లకు ఇంత చక్కటి కళ్లుంటాయని, అవి ఇంత నిక్కచ్చిగా చూస్తాయని అతను అనుకోలేదు.

అది 2005. రిటైరైన తెలుగు లెక్చరర్ సంజీవయ్య, ఆయన కూతురు మానస కలిసి, కుర్రకారు చాటింగ్‌లో వాడే మాటలకు నిఘంటువు తయారుచేస్తున్నారు. ఏ మాటకైనా ముగ్గురు వేర్వేరు మనుషులు వాడిన రుజువు ఉండాలి. మర్నాడే పుస్తకం ప్రెస్సుకు పోతుంది.

ఓబులేసు మాట 'కేపీవో'. అతని నెట్ సెంటర్‌లో కరెంటు పోగానే యూపీఎస్ కుయ్యోమంటుంది. 'కరెంటు పోయింది' అని మొత్తం కొట్టేలోపు అది కాస్తా ఆరిపోతుంది. అందుకని 'కరెంటు పో' వరకే కుదించి, ఇంగ్లీషులో మూడే అక్షరాలు: కే, పీ, వో.

"ఏందీ, మూడు చాటింగ్ ప్రింటౌట్లు తెచ్చినా గదా. ముగ్గురు మనుషులు."

"మూడు ఐడీలు. మనిషి ఒకడే."

"ఎట్ల చెప్తాండావ్?"

"కరెంటు రాంగానే ముగ్గురూ అడిగింది ఒకటే. నంద్యాల్లో మానస అన్నం తినిందా అని."

ఓబులేసు చెవులు ఎర్రబడ్డాయి. దొరికిపోయినందుకు సిగ్గేసింది. అయినా ఆ కాగితాలను ఆమె అంత శ్రద్ధగా చదివినందుకు లోలోపల మురిసిపోయాడు.

"తప్పే. పుస్తకం అయిపోతే నాతో నీకు పనేముంటాది? ఆ మాట లోపలుంటే నన్ను మర్చిపోవని ఆశ. నువ్వంటే నాకిష్టం, మానసా."

మానస పక్కన పెట్టిన కార్డును మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"ఇష్టమని చెప్తే పెడతాననుకున్యావా?"

"లేదు. నా కోసం పెట్టేదానివైతే నాకింత ఇష్టముండేది కాదు."

అతను నిజమే చెప్పాడు. అంత నికార్సయిన మనిషిని అతను ఎక్కడా చూడలేదు. కాగితాలు మడిచి లేచాడు.

"కూచో. దీనికి నిజం సాక్షులు ఇద్దరుండారు. ఒకటి నువ్వు."

"రెండోది ఎవరు?"

"నేనే. ఈడ కరెంటు పోతే నీకు అదే కొడతాండా గదా."

"ఇద్దరు చాలరంటివే."

"పుస్తకానికి చాలరు," అంది మానస.

ఓబులేసుకు అర్థమయ్యేసరికి ఒక క్షణం పట్టింది. అప్పటికే ఆమె లోపలి గది వైపు తిరిగి పిలుస్తోంది.

"నాయనా, ఆళ్లగడ్డ నుంచి ఓబులేసు వచ్చినాడు. నా గురించి నీతో మాట్లాడాలంట."