వరండాలో మూడో కుర్చీ

మా రైల్వే ఊరి నుంచి సాలువా వెళ్లే దారిలో ఒక పాత బంగళా ఉంది. దాని వరండాలో ఇద్దరు కూర్చోకూడదంటారు. ఒక్కరు కూర్చోవచ్చు. నలుగురు కూర్చోవచ్చు. ఇద్దరు కూర్చుంటే మాత్రం... మూడో కుర్చీ ఖాళీగా ఉండదు.

ఈ మాట వల్లే ఆ ఇల్లు ఏళ్ల తరబడి అద్దెకు పోలేదు. ఓడల్లో వంట చేసి వచ్చిన ఎబినేజర్ దాన్ని చవగ్గా తీసుకుని స్పానిష్ హోటల్ పెట్టాడు. వెల్లుల్లితో వేయించిన రొయ్యలు చిన్న మట్టి గిన్నెల్లో ఇస్తాడు. వెడల్పాటి పెనంలో కుంకుమపువ్వు వేసి పాయెయ్యా వండుతాడు. మనవాళ్లు దాన్ని స్పెయిన్ పులావ్ అంటారు. బీరుంది, కాక్‌టెయిల్స్ ఉన్నాయి. కాలేజీ పిల్లలు గుంపులుగా వస్తారు, గుంపులుగా పోతారు. వాళ్లకేమీ కాలేదు.

సాయికుమార్, అతని భార్య ఇద్దరే వెళ్లారు. నేను విన్నది విన్నట్టు చెబుతాను. సగం సాయికుమార్ చెప్పింది, సగం ఎబినేజర్ చెప్పింది.

సాయికుమార్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టర్. ఊరికి ఇటు చివర ఇందా అనే పేటలో కాపురం. భార్య రాధారాణికి ఇది రెండో పెళ్లి. మొదటి భర్త బుజ్జిబాబు లారీ గుద్ది పోయాడు. పోయినవాడి మీద అసూయేమిటని మనం అనుకుంటాం. బతికున్నవాడు తప్పులు చేస్తాడు, విసుక్కుంటాడు, బట్టతలవాడవుతాడు. పోయినవాడికి ఆ బాధ లేదు. సాయికుమార్‌కి కావలసింది ఒక్కటే. ఆమె తనను చూసి ఒక్కసారి మనసారా నవ్వాలి. ఆమె అన్నం పెట్టేది, మర్యాదగా మాట్లాడేది. నవ్వేది కాదు.

ఆ సాయంత్రం బయటికి వెళ్దామని ఆమే అడిగింది. అతను కొత్త చొక్కా వేశాడు. సెంటు కొట్టుకున్నాడు.

వరండాలో కూర్చునేసరికి చీకటి పడుతోంది. ఆమె రొయ్యలు, పాయెయ్యా చెప్పింది. అతనికి సాంగ్రియా, అంటే పళ్ల ముక్కలు వేసిన ఎర్ర వైను. తర్వాత ఒక బీరు తెప్పించి, గ్లాసులో పోసి... మూడో కుర్చీ ముందు పెట్టింది.

"ఎవులికే అది?"

"ఇయ్యాల ఆయన పోయిన రోజు."

సాయికుమార్ ఆ గ్లాసును పక్కకు జరపబోయాడు.

"మీ యమ్మ ఇంట్లో పెట్టనివ్వదు కదా. ఒక్క గ్లాసు బీరు... నీదేటి పోనాది?"

ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఈ ఇళ్లలో, పోయినవాళ్లకు ఇష్టమైనవి వండి, తాగేవాళ్లయితే మందు కూడా పోసి, గదిలో పెట్టి తలుపు మూస్తారు. వాళ్లు తినేటప్పుడు చూడకూడదు. వాళ్లు తిని వెళ్లాకే మనం ముట్టాలి.

వరండాకు తలుపు లేదు. రాధారాణి తన కుర్చీని రోడ్డు వైపు తిప్పుకుంది.

"నువ్వూ తిరుగు," అంది గుసగుసగా.

తిరిగాడు. వెనక ఏ చప్పుడూ లేదు. రోడ్డు మీద ఎవరో సైకిల్ తొక్కుకుంటూ పోయారు. మళ్లీ నిశ్శబ్దం. పక్కకు చూశాడు — ఆమె కళ్లు మూసుకుని ఉంది. పెదవుల చివర సన్నగా... నవ్వు.

"కొత్త సొక్కా ఏసుకుని ఆడి తద్దినానికి ఎల్లినాను సార్," అన్నాడు నాతో.

అప్పుడు వెనక్కి తిరిగాడు. నిండా ఉన్న గ్లాసు అందుకున్నాడు. పోయినవాడు ముట్టకముందే గటగటా తాగేశాడు.

ఆ తర్వాతిది సాయికుమార్‌కు గుర్తు లేదు. ఎబినేజర్ చూశాడు.

"గ్లాసు దించినాడండి. దించి, ఆయమ్మ జడ పట్టుకుని మెల్లగా లాగినాడు. ఆయమ్మ తిరిగి సూసింది. గొడవవుతాదనుకున్నాను... 'ఎంత సేపయినాది వచ్చి?' అందండి. అంతే. ఇద్దరూ గిన్నెలు ఊడ్చి తిన్నారు. ఆళ్ల ఇల్లు ఇందాలో కదా? స్కూటరు ఇటేపు రావాల. అటేపు, సాలువా వేపు ఎల్లిపోనాది."

సాంగ్రియా మీద బీరు తాగితే ఎవరైనా దారి తప్పుతారు. వెనక కూర్చున్న రాధారాణే దారి చెప్పి ఉండవచ్చు. ఈ రెండు మాటలూ సాయికుమారే నాతో అన్నాడు.

మెలకువ వచ్చేసరికి తెల్లవారింది. నులకమంచం మీద ఉన్నాడు. తానెన్నడూ అడుగు పెట్టని పెరడు. సాలువా పక్క పల్లెలో బుజ్జిబాబు పుట్టిన ఇల్లు. మంచం పక్కన టీ గ్లాసుతో ఒక ముసలామె నిలబడి ఉంది — బుజ్జిబాబు తల్లి సింహాచలమ్మ. చూపు చక్కగా ఉన్న మనిషి.

"లెగరా బుజ్జీ. డూటీకి టైమైపోతంది."

ఆమె వెనక, గడప మీద, రాధారాణి. అతన్నే చూస్తోంది. చూస్తూ... నోరారా నవ్వుతోంది.

"నువ్వెవరో చెప్పలేదా?" అని అడిగాను.

సాయికుమార్ తల దించుకున్నాడు.

"ఆ నవ్వు సూసినాను సార్... 'వత్తన్నానమ్మా' అని పలికినాను."