గోడ అవతలి గళ్ళ బోర్డు

చిన్న కథే, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. క్లేటన్‌లో కళావతి ఆంటీ ఇంటి వెనకున్న గ్యారేజ్ మంచిది కాదు. అంతే.

అయితే ముందు ఆంటీ గురించి ఓ మాట చెప్పాలి. అద్దెకొచ్చిన ప్రతి కుర్రాడికీ ఆవిడ మొదట గ్యారేజ్ సంగతి చెబుతుంది, తర్వాత ఓ సంబంధం చెబుతుంది. రెండిట్లో దేనికి ఎక్కువ భయపడాలో తెలియక చాలామంది ఇల్లు ఖాళీ చేశారు. ఆ ఇల్లు కట్టించిన ముసలాయన గ్యారేజ్‌లోనే పోయాడట. చీకటి పడితే వెనక గోడ అవతల ఎవరో నిలబడతారట... ఆ గోడకీ ఫెన్సుకీ మధ్య పిల్లి దూరే సందు లేదు. మరి ఎలా నిలబడతారని ఆంటీని అడక్కూడదు. చెబుతుంది.

సుమంత్ మాత్రం ఇల్లు మారలేదు. ధైర్యమేం కాదు, బద్ధకం. యూనివర్సిటీలో రోబోలకు కెమెరాతో చూడడం నేర్పే పరిశోధన అతనిది. ఏ వస్తువు ఎంత దూరంలో ఉందో కెమెరా సరిగ్గా చెప్పాలంటే ముందు దాన్ని కాలిబ్రేట్ చేయాలి, అంటే దాని కొలతలు సరిచూసి పెట్టాలి. నలుపు తెలుపు గళ్ళు అచ్చేసిన బోర్డును ఒకరు పట్టుకుని అటూ ఇటూ వంచుతూ, దగ్గరగా, దూరంగా నిలబడాలి. ఇంకొకరు ఫోటోలు తీయాలి.

ఆంటీ చెప్పిన సంబంధం నీలిమ. రోడ్ల సర్వే ఆఫీసులో ఇంజనీరు. ఇద్దరూ ఓసారి మాట్లాడుకుని, ఆదివారానికల్లా అవునో కాదో తేల్చమని ఒంగోల్లో పెద్దవాళ్ళు కాచుక్కూర్చున్నారు. ఇంకొకడైతే పిల్లను కాఫీకి తీసుకెళ్తాడు. మనవాడు గ్యారేజ్‌లోకి తీసుకెళ్ళి బోర్డు చేతికిచ్చాడు.

జూన్ నెల. ఆ దేశంలో అది నడి చలికాలం. అయిదు దాటగానే చీకటి.

"ఇంకాస్త వెనక్కి జరగండి."

"వీపుకి గోడ తగులుతోందండీ."

"చాలు... కదలకండి."

పని అయ్యాక నీలిమ ఆంటీ దగ్గరికి వెళ్ళింది. సుమంత్ అక్కడే లాప్‌టాప్ తెరిచాడు. లెక్క దివ్యంగా కుదిరింది. తప్పు అర పిక్సెల్ కూడా లేదు. సాఫ్ట్‌వేర్ ఒక బొమ్మ గీసింది — ఇక్కడ కెమెరా, అక్కడ ఒక్కో ఫోటోలో బోర్డు ఉన్న చోటు. వెనక గోడ దూరం టేపుతో కొలిచి, బొమ్మలో అతను ఓ గీత గీశాడు.

మూడు బోర్డులు గోడ అవతల ఉన్నాయి.

మళ్ళీ చూశాడు... అవతలే.

బోర్డు పట్టుకున్నది నీలిమ. అంటే —

ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అంత చలిలోనూ ఆ పిల్ల వణకలేదు. ఆంటీ చేసిన పకోడీ ముట్టలేదు. ఆ పకోడీ ముట్టని మనుషులు క్లేటన్ నిండా ఉన్నారు గానీ, ఆ క్షణంలో అతనికది తోచలేదు. ఆదివారం దాకా ఎందుకు, ఈ రాత్రే ఫోన్ చేసి కాదనేద్దామనుకున్నాడు.

వెనక అడుగుల చప్పుడు.

తల తిప్పకుండా కళ్ళు మాత్రం కిందికి దించాడు. బూట్లు ముందుకే ఉన్నాయి. లోపలి పాదాల సంగతో...

"నా కాళ్ళకేసి ఏం చూస్తున్నారు?"

"మీరు... గోడ అవతలికి గానీ వెళ్ళారా?"

నీలిమ వంగి బొమ్మ చూసింది. ఫక్కున నవ్వింది. "గోడలోంచి నడవడం నాకు రాదండీ. ఇంతకీ, గళ్ళు కొలిచారా?"

కొలవలేదు. ఒక్కో గడి ముప్ఫై మిల్లీమీటర్లని టైపు చేశాడంతే. స్కేలు పెట్టి చూస్తే ఇరవై అయిదే ఉంది. పేజీలో పట్టించడానికి ప్రింటరు కుదించేసింది. చిన్న గడిని పెద్దదని చెబితే, బోర్డు ఉన్నదానికంటే దూరంగా ఉందని లెక్క తేలుతుంది. అంత చదువుకున్నవాడికి ఇది తెలుసు. కాకపోతే ఆ సాయంత్రం చదువు ఆంటీ దగ్గర తాకట్టులో ఉంది.

సిగ్గుపడుతూ అంకె మార్చాడు. బొమ్మ మళ్ళీ గీసుకుంది. బోర్డులన్నీ ముందుకు జరిగాయి. అవతలున్న మూడింటిలో రెండు గోడకి ఇవతలికి వచ్చేశాయి.

ఒకటి రాలేదు.

ఇద్దరూ చూశారు.

నీలిమ చెయ్యి చాపింది. పక్కన వరసగా ఉన్న ఫోటోల్లోంచి, వెతక్కుండానే, ఒకదాన్ని నొక్కి తీసేసింది. బొమ్మలో గోడ అవతలి బోర్డు మాయమైంది.

"ఇప్పుడు సరిపోయింది కదండీ?" అంది మెల్లగా.

సుమంత్ తలూపాడు.

ఆదివారం ఒంగోలు నుంచి ఫోన్ వచ్చింది. అతను సరేనన్నాడు. శ్రావణంలో పెళ్ళి.