రొయ్యపిల్లల్లో రాకుమారుడు

కేసరవల్లి రాజ్యంలో వానలకు లోటు లేదు, పంటలకు లోటు లేదు. ఉన్న తలనొప్పల్లా రాకుమారుడు కుసుమకేతుడి బట్టలే. పొద్దున కట్టిన పట్టు మధ్యాహ్నానికల్లా పాతబడిపోయేది ఆయనగారికి. కొత్తది తొడుక్కోగానే చెల్లెలు అలివేణి ఎదుటికొచ్చి నిలబడి, ఎలా ఉన్నానని అడిగేవాడు. అంతఃపురమంతా ఆహా ఓహో అన్నా చాలదు, చెల్లెలు అనాలి. ఆ పిల్లేమో ఉత్త గడుగ్గాయి. ఒకసారి గంగిరెద్దులా ఉన్నావనేది, ఇంకోసారి పెళ్ళిపందిరిలా ఉన్నావనేది. బాగున్నావని మాత్రం పొరపాటున కూడా అనలేదు.

ఒకనాడు నెమలికంఠం రంగు అంగరఖా తొడుక్కుని వస్తే ఆమె తలెత్తి చూడను కూడా చూడలేదు. నా సొగసు చూసేవాళ్ళు ఎక్కడో అక్కడ దొరక్కపోరని అలిగి, అడవిదారి పట్టిన మనిషి ఇక తిరిగి రాలేదు. రాజుగారు మంచం పట్టారు, రాణిగారు అన్నం మానేశారు. అడవంతా గాలించిన సేనలు ఒక్క ముత్యాల చెప్పు మాత్రం పట్టుకొచ్చాయి. ఆ ఒక్క మాటా అని ఉంటే అన్నయ్య ఇంట్లోనే ఉండేవాడు కదా అని అలివేణి కుమిలిపోయింది. చివరికి నడుముకు కత్తి కట్టి, అటుకుల మూట భుజాన వేసుకుని తనే బయలుదేరింది.

అడవిలో ఒక వాగు పక్కన బండకింద నుంచి మూలుగు వినిపించింది. వంగి చూస్తే గుమ్మడికాయంత ఎండ్రకాయ. ఒడ్డున కొంగ ఒకటి దానికోసమే కాచుకుని ఉంది. బయటికొచ్చి ఆ కొంగ కాలు పట్టుకోరాదా అని అలివేణి అడిగింది. ఇప్పుడే పాత డొప్ప విడిచానని, కొత్తది ఇంకా వెన్నలా మెత్తగా ఉందని, అది గట్టిపడేదాకా ఎండ్రకాయయినా రొయ్యయినా దాక్కోవలసిందేనని అది చెప్పింది. విడిచిన డొప్ప పక్కనే పడి ఉంది, కాళ్ళతో సహా, అచ్చం చచ్చిన ఎండ్రకాయలాగే.

పాపం అనిపించి అలివేణి కొంగను తోలుతూ, అన్నయ్య కోసం వచ్చిన సంగతి చెప్పుకుంటూ అక్కడే కూర్చుంది. డొప్ప గట్టిపడ్డాక ఎండ్రకాయ బయటికొచ్చి ఒళ్ళు విరుచుకుంది.

"మీ అన్నగారు బుడుంగి అనే రాక్షసి మడుగులో నీడ చూసుకున్నాడు తల్లీ. చూసుకుని ఊరుకున్నాడా? ఆవిడ కట్టుకున్న తోలు చూసి, ఇది మీ అమ్మమ్మదా అని అడిగాడు. మార్చుకోవడం అంత సరదా అయితే ఒంటిమీద పొట్టే మార్చుకుంటూ బతకమని, ఆవిడ ఆయన్ను రొయ్యపిల్లను చేసి పారేసింది."

దారి చూపిస్తానని ఎండ్రకాయ ముందు నడిచింది. ఎండ్రకాయ నడక ఎలాంటిదో మీకు తెలుసు కదా. దాని వెనక అలివేణి కూడా పక్కకు పక్కకు నడిచి, కనబడ్డ చెట్టుకల్లా భుజం కొట్టుకుని, ఎలాగో మడుగు చేరింది.

బుడుంగి తాటిచెట్టంత మనిషి, కానీ రొయ్యలంటే ప్రాణం. ఇంటిముందు పెద్ద స్ఫటికపు తొట్టి, దాన్నిండా నాచు. తల్లిరొయ్యలు పొట్టకింద గుడ్లు మోస్తూ, చిట్టికాళ్ళతో వాటికి విసురుతూ తిరుగుతున్నాయి. వచ్చింది ఎవరని కూడా అడక్కుండా బుడుంగి ఏ రొయ్యకు ఎన్నో కాన్పో చెప్పుకుంటూ పోయింది. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు నూకగింజంత ఉన్నా అన్నీ తల్లి పోలికే, అన్నీ గాజులాంటి ఒళ్ళే. అన్నయ్య కోసం వచ్చానని అలివేణి చెప్పాక గానీ ఆవిడకు కోపం గుర్తుకు రాలేదు.

ముందు తన పిల్లల్ని తినేస్తున్న దొంగల్ని పట్టమంది. అలివేణి గడ్డిపరకతో నాచును కదిలించింది. బెదిరి వెనక్కి ఎగిరినవన్నీ రొయ్యపిల్లలు. బెదరకుండా పరకను కరవబోయినవి తూనీగ పురుగులు, రెక్కలు రాకముందు నీళ్ళలో ఉండేవి. వాటిని ఏరి బయట పారేసింది. బుడుంగి లోలోపల మురిసిపోయింది, కానీ మొహం గంటు పెట్టుకునే ఉంది.

"ఇక నీ అన్నను చూపించు. వేలు ఒక్కసారే పెట్టాలి. తప్పితే వాడు ఇక్కడే, నువ్వూ వాడి పక్కనే" అని, నీళ్ళ అడుగున తెల్లగా పడి ఉన్నదాన్ని చూసి, "అరెరె, పోయినట్టున్నాడే" అంది.

అలివేణి తొట్టిమీదికి వంగింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది. మెడ దగ్గర చీలిక, లోపల ఖాళీ. అది రొయ్య కాదు, ఎవరో విడిచిన పొట్టు. విడిచినవాడు కొత్తది తొడుక్కునే ఉంటాడు. మెత్తటి ఒంటితో ఏ రొయ్యా బయటికి రాదు. కానీ కొత్తబట్టలు వేసుకుని అన్నయ్య ఏనాడైనా దాక్కున్నాడా?

తొట్టి ముందుకు వెళ్ళి, ఇంట్లో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడింది. కాసేపటికి నాచులోంచి ఒక నలుసంత రొయ్య బయటికొచ్చింది. స్ఫటికానికి దగ్గరగా వచ్చి ఇటు తిరిగింది, అటు తిరిగింది, మీసాలు దువ్వుకుంది. ఇంతలో రాయికింద మిగిలిపోయిన తూనీగ పురుగొకటి దానివైపు పాకింది. ఆ రొయ్య దాన్ని పట్టించుకుంటేనా, చెల్లెలి మొహమే చూస్తోంది.

అలివేణి వేలు పెట్టింది.

"బాగున్నావు అన్నయ్యా. చాలా బాగున్నావు."

నీళ్ళు భళ్ళున పొంగాయి. తొట్టిలో నెమలికంఠం అంగరఖాతో, నెత్తిన నాచు తలపాగాతో కుసుమకేతుడు కూర్చుని ఉన్నాడు.

"నిజంగానా?" అన్నాడు.

బుడుంగి మాట తప్పలేదు. కుసుమకేతుడు సిగ్గుపడి క్షమించమని, ఆ అంగరఖా విప్పి ఆవిడకిచ్చాడు. అది ఆవిడ మణికట్టుకే సరిపోయింది. కట్టుకుని, తిప్పి చూసుకుని, ఎలా ఉన్నానని అలివేణిని అడిగింది. అలివేణి ఈసారి ఆలస్యం చెయ్యకుండా బాగున్నావంది.

అన్నాచెల్లెళ్ళు ఇల్లు చేరగానే రాజుగారు మంచం దిగారు, రాణిగారు అన్నం కలుపుకున్నారు. కుసుమకేతుడికి పట్టాభిషేకం పెట్టారు. కొత్తబట్టలు తొడుక్కున్నాక కాసేపు మంచం కింద దూరి గానీ ఆయన బయటికి రాలేదు. అదొక్కటి రొయ్యల అలవాటుగా మిగిలిపోయింది. కిరీటం పెట్టుకుని నిండుసభలో చెల్లెలి ముందుకొచ్చి, మళ్ళీ ఆ ప్రశ్నే అడిగాడు.

"గంగిరెద్దులా ఉన్నావు" అంది అలివేణి. అన్న మొహం వాడబోతుంటే చూసి, దగ్గరికెళ్ళి కిరీటం సర్దింది. "అన్ని గంగిరెద్దుల్లోకీ అందమైన గంగిరెద్దువి."

అది చాలింది ఆయనకు. ఆ రోజంతా బట్టలు మార్చలేదు.