మూరెడు గొయ్యి

శనివారం పొద్దున్న హైమావతి ఉప్మా కలుపుతోంది. రాత్రి డ్యూటీ నుంచి వచ్చిన ఆవిడ భర్త డాక్టర్ జగన్మోహన్, కోటైనా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి, "హైమా, సముద్రం పక్కన స్థలం ఒకటి చూశాను, కొందామనుకుంటున్నా" అన్నాడు. బజారు నుంచి వంకాయలు తెచ్చానని చెప్పినంత తేలిగ్గా చెప్పాడు మహానుభావుడు.

అది పందొమ్మిది వందల డెబ్భై రెండు, అక్టోబరు. కాపురం నాటింగ్‌హామ్‌లో హాస్పిటల్ వాళ్ళిచ్చిన క్వార్టర్స్‌లో. ఈ దేశం వచ్చిన తొమ్మిదేళ్ళలో అది ఆరో ఇల్లు. ఆయన ఉద్యోగం మారినప్పుడల్లా పెట్టెలు సర్దడం, మళ్ళీ దింపుకోవడం. ఏ క్వార్టర్స్‌కి వెళ్ళినా ఒకటే నిబంధన, గోడకి మేకు కొట్టకూడదు. అందుకే హైమావతి వాళ్ళ నాన్నగారి ఫొటో ఇన్నేళ్ళూ ట్రంకుపెట్టెలో చీరల మధ్యే ఉండిపోయింది. నాలుగేళ్ళ కిందట ఆయన పోయినప్పుడు కూడా ఆవిడ వెళ్ళలేకపోయింది.

"ఎక్కడండీ ఆ స్థలం?" గరిటె ఆపకుండానే అడిగింది.

"లింకన్‌షైర్‌లో, తూర్పు తీరాన ఓ చిన్న ఊరు. ఊరి చివర, పొలాల్లో. ఇల్లు కట్టుకోవడానికి కౌన్సిల్ పర్మిషన్ కూడా ఉంది. అక్కడి క్లినిక్‌లో డాక్టరు కావాలంటున్నారు. ఇక మనం ఊళ్ళు తిరగక్కర్లేదు."

హైమావతి స్టవ్ ఆపేసింది.

"ఐదేళ్ళుండి బందరు వెళ్ళిపోదామన్నారు. ఆ ఐదూ దాటి ఇంకో నాలుగేళ్ళయింది. ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్ళెవరైనా వెనక్కి వెళ్ళారా? నాన్న కడసారి చూపు ఎలాగూ దక్కలేదు. అమ్మది కూడా వద్దంటారా?"

జగన్మోహన్ తలొంచుకున్నాడు. "నువ్వు చూడకుండా సంతకం పెట్టను హైమా. అది మాత్రం నమ్ము."

వాళ్ళ ఎనిమిదేళ్ళ కూతురు మాధవి ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఆర్ వి గోయింగ్ టు లివ్ బై ద సీ?" అంది. ఆ పిల్లకి తెలుగంతా అర్థమవుతుంది గాని, నోరు విప్పితే వచ్చేది ఇంగ్లీషే.

అప్పుడు హైమావతి ఒక షరతు పెట్టింది. "నాన్న చూసినట్టు మట్టి చూస్తాను. చాలకపోతే మారుమాట్లాడకుండా వచ్చేయాలి."

ఆవిడ నాన్న శేషాచలంగారు బందరులో బడిపంతులు. ఆ చుట్టుపక్కల ఎవరు పునాది వెయ్యాలన్నా ముందు ఆయన్ని పిలిచేవారు. మూరెడు లోతు, మూరెడు వెడల్పు గొయ్యి తవ్వించి, ఆ మట్టితోనే మళ్ళీ పూడ్పించేవారు. మట్టి మిగిలితే ఆ నేల మనుషుల్ని నిలబెడుతుందనీ, చాలకపోతే వదులుకోమనీ చెప్పేవారు. మిగిలిన దాంట్లోంచి గుప్పెడు తీసి ఆ ఇంటి ఇల్లాలి కొంగులో పోసేవారు. ఎంతమంది ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకుంటూ కొంగు పట్టారో, చిన్నప్పుడు ఆయన వేలు పట్టుకుని వెళ్ళిన హైమావతికి బాగా తెలుసు. మాధవికి ఆ కథలే చెప్పి నిద్రపుచ్చేది.

జగన్మోహన్ ఒప్పుకున్నాడు. సముద్రం పక్కన ఉండేది ఇసకేగా, అదెక్కడ మిగులుతుందని ఆవిడ లోలోపల ధీమాగా ఉంది.

ఆ రాత్రికి ఆ ఊళ్ళోనే ఓ గెస్ట్‌హౌస్‌లో ఉండి, ఆదివారం తెలతెలవారుతుండగా స్థలం దగ్గరికి చేరారు. అమ్మే ముసలి రైతు తన పారే తెచ్చిచ్చి, డాక్టరుగారు నిధి కోసం వచ్చారేమోనన్నట్టు గేటుకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాడు. హైమావతి చీర కుచ్చిళ్ళు ఎగదోపి, మోచేత్తో కొలత పెట్టింది. జగన్మోహన్ తవ్వాడు.

ఇసక రాలేదు. నల్లటి బంకమట్టి, బందరు వరిచేలలో ఉన్నట్టే, పారకి అతుక్కుంటూ వచ్చింది. ఇది మిగిలేలా ఉందని ఆవిడకి భయమేసింది. పూడ్చడం తానే పూడ్చింది. భర్త అటు తిరిగిన క్షణాన బూటుకాలితో గట్టిగా తొక్కింది. ఇంకాస్త వేసి మళ్ళీ తొక్కింది. నాన్న చూస్తే ఏమనేవారో అనుకుంటూనే ఒళ్ళు బరువంతా వేసి తొక్కింది. గొయ్యి నేలకి సమానమైంది. పక్కన ఇంకా దోసెడు మట్టి ఉంది.

నమ్మలేక తలెత్తింది. ఎదురుగా సూర్యుడు వస్తున్నాడు.

తొమ్మిదేళ్ళుగా ఆవిడ సూర్యుణ్ణి ఇళ్ళ కప్పుల మీదుగా, పొగగొట్టాల సందుల్లోంచి చూసింది. ఇక్కడ నీళ్ళలోంచే లేస్తున్నాడు, ఎర్రగా, నిండుగా, బందరు దగ్గర మంగినపూడి ఒడ్డున లేచినట్టే. చేలమీద పొగమంచంతా ఒక్కసారిగా బంగారు రంగు తిరిగింది. అంత ఆకాశాన్ని ఒక్కచోట చూసి ఎన్నాళ్ళయిందో. తనకి తెలియకుండానే చేతులు జోడించింది. గేటు దగ్గర ముసలాయన కూడా టోపీ తీసేశాడు.

"నేను మోసం చేశానండీ," అంది భర్తవైపు తిరిగి. "చాలకూడదని తొక్కాను."

"చూశాను."

"మరి ఏమీ అనలేదే?"

"నీకు అంత అక్కర్లేదంటే నాకూ వద్దు. నువ్వొక్క మేకు కొట్టుకోవడానికి గోడ కావాలనే ఇదంతా మొదలుపెట్టాను హైమా. ఆ పెట్టె తెరిచినప్పుడల్లా మీ నాన్నగారి ఫొటో తుడిచి మళ్ళీ లోపల పెట్టేస్తావు. తొమ్మిదేళ్ళుగా చూస్తూనే ఉన్నాను. ఏప్రిల్లో మీ అమ్మగారి దగ్గరికి పంపిస్తాను, ఎన్నాళ్ళుంటావో ఉండిరా."

హైమావతి మిగిలిన మట్టి వంక చూసింది. అందరిళ్ళకీ వెళ్ళి ఇచ్చిన నాన్న, కూతురి వంతు వచ్చేసరికి లేరు. ఆ మాట తట్టగానే కళ్ళనీళ్ళు ఆగలేదు.

మాధవి వంగి రెండు చేతులతో మట్టి తీసుకుంది. తల్లి ముందుకొచ్చి నిలబడింది.

"కొంగు పట్టు అమ్మా," అంది, తెలుగులో.

హైమావతి కొంగు పట్టింది. చల్లటి మట్టి అందులో పడింది. ముడి వేసుకుని, ఆ ముడిని గుప్పిట్లో పట్టుకుంది.

"ఫొటో ఏ గోడకి పెడదామండీ?" అంది.

"సముద్రం కనిపించే కిటికీకి ఎదురుగా," అన్నాడు జగన్మోహన్.