మూడో వరుసలో ఆకుపచ్చ కుర్చీ

లారెల్ క్రీక్ పాటల పండగకి ఒకే ఒక్క చట్టం ఉంది. పొద్దున్నే వచ్చి పచ్చికలో మీ మడత కుర్చీ వేసుకుని ఎక్కడికైనా వెళ్ళవచ్చు. అది ఖాళీగా ఉన్నంతసేపు అందులో ఎవరైనా కూర్చోవచ్చు. మీరు తిరిగొచ్చి ఎదురుగా నిలబడితే మాత్రం వాళ్ళు మారు మాట్లాడకుండా లేవాలి. మా కెంటకీ కొండల్లో ఎన్నికల గురించి వాదించుకుంటారు, కుక్కల గురించి వాదించుకుంటారు, కుర్చీ గురించి మాత్రం ఎవరూ వాదించరు.

ఆ అమ్మాయి వాదించింది.

శనివారం మధ్యాహ్నం రెండు దాటింది. పొద్దుటి నుంచి వాన వదలకుండా పడుతోంది. నానమ్మ ట్రక్కులోనే కూర్చుని, అద్దం దించుకుని వింటానంది. నేను నిమ్మరసం గ్లాసు పట్టుకుని, బురదలో జారకుండా నానా తంటాలు పడుతూ మూడో వరుసకి వచ్చాను. నా కుర్చీలో పసుపు రెయిన్‌కోటు వేసుకున్న అమ్మాయి ఒకతె కాలు మీద కాలు వేసుకుని కూర్చుని ఉంది.

"ఏమండీ, అది నా కుర్చీ," అన్నాను.

"కాదు, నాది," అంది, తల కూడా తిప్పకుండా.

"ఆకుపచ్చది. మూడో వరుస. దారి నుంచి అయిదోది. తెల్లారి ఆరింటికి నా చేతులతో వేశాను."

"నేను అయిదున్నరకే వేశాను."

"అయిదున్నరకి గేటే తీయరండి."

"మాకు తీస్తారు."

అప్పుడు తల తిప్పింది. రెయిన్‌కోటు టోపీలోంచి రెండు కళ్ళు, ఒక ముక్కు, బుగ్గకి అంటుకున్న తడి జుట్టు మాత్రమే కనబడ్డాయి. ఆ కళ్ళు నన్ను తల నుంచి కిందికి చూసుకుంటూ వచ్చి, బురద బూట్ల దగ్గర ఆగాయి. నాకు ఎందుకో బూట్లు దాచుకోవాలనిపించింది.

"మీదయితే దాని మీద పేరుందా?" అంది.

"మా ఊళ్ళో కుర్చీలకి పేర్లు పెట్టరండి. ఆవులకి పెడతాం."

ఆమె పెదవి కొస కాస్త కదిలింది. నవ్వో, చిరాకో వానలో తెలియలేదు.

"పిల్లలూ, స్టేజి మీద ఇంకొకరు పాడబోతున్నారు, కాస్త నోళ్ళు మూసుకుంటారా," అని వెనక నుంచి ఎవరో అన్నారు. ఆమె చటుక్కున స్టేజి వైపు చూసింది. అక్కడ నీలం గౌను వేసుకున్న ఒకావిడ మాకు వీపు పెట్టి గిటారు తీగలు సవరించుకుంటోంది. అంతే, ఈ అమ్మాయి కుర్చీలోంచి లేచి నిలబడింది.

"సరే, కూర్చోండి. కానీ ఒక షరతు. ఆవిడ పాడినంతసేపూ మీరు నవ్వుతూనే ఉండాలి."

"ఎందుకు?"

"కుర్చీ కావాలా, వద్దా?"

కూర్చున్నాను. నేను వెనక్కి తిరిగేలోపు ఆమె మాయమైపోయింది. రెయిన్‌కోట్లు అమ్మే దుకాణం ఒక్కటే ఉంది, వాళ్ళ దగ్గర రంగూ ఒక్కటే ఉంది. మైదానమంతా పసుపు పూసినట్టుంది.

నీలం గౌను ఆవిడ మైకు ముందుకొచ్చి, ఎవరో వేలుపెట్టి చూపించినట్టు తిన్నగా నా కుర్చీకేసి చూసింది. నన్ను చూడగానే ఆవిడ ముఖంలో రంగు పోయింది. ఇచ్చిన మాట కదా, నవ్వాను. మొదటి లైనులో ఆవిడ గొంతు వణికింది. మళ్ళీ నాకేసే చూసింది. ఈసారి పళ్ళన్నీ చూపించాను. ఆవిడ పెదాలు బిగబట్టుకుంది, కళ్ళలో ఏదో మెరిసింది, ఆ తర్వాత గొంతు కట్టలు తెంచుకుంది.

అది పెళ్ళాన్నీ పిల్లల్నీ వదిలేసి వెళ్ళిపోయిన మొగుడి పాట. చుట్టూ జనం కళ్ళు తుడుచుకుంటున్నారు. నేనొక్కణ్ణే వాన నోట్లోకి పోతున్నా లెక్కచేయకుండా ఇకిలిస్తూ కూర్చున్నాను. పక్కనున్న ముసలాయన తన కుర్చీని నాకు కాస్త దూరంగా జరుపుకున్నాడు.

రెండో పాట సగంలో కొండ మీద మెరుపు మెరిసింది. పాట ఆపించేశారు. అందరూ కార్లలోకి వెళ్ళిపొమ్మని మైకులో చెప్పారు. నేను కుర్చీ మడిచాను. మడిచాక గానీ గమనించలేదు. నా కుర్చీ వీపు చిరిగితే నానమ్మ పాత జీన్సు గుడ్డతో మాసిక వేసింది. దీనికి మాసిక లేదు.

వెనక్కి తిరిగాను. సరిగ్గా నా వెనక, నాలుగో వరుసలో, మాసిక వేసిన నా ఆకుపచ్చ కుర్చీ ఉంది. అందులో టోపీ పెట్టుకున్న ఒక భారీ మనిషి ఉన్నాడు. నేను నిలబడి చూస్తుంటే ఆయన వెంటనే లేచాడు. "నీదా బాబూ? వెచ్చగా ఉంచాను, తీసుకో," అన్నాడు.

నాకు తల కొట్టేసినంత పనైంది.

రెండు కుర్చీలతో ట్రక్కు దగ్గరికి పరిగెత్తి నానమ్మకి జరిగింది చెప్పాను. ఆవిడ నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆ పిల్లని సొంత కుర్చీలోంచి లేపావా? మన వంశంలో గుర్రాలు ఎత్తుకుపోయినవాళ్ళున్నారు గానీ, కుర్చీ లాక్కున్నవాడు లేడురా. వెళ్ళి ఇచ్చేసి, తప్పయిందని చెప్పి, పేరడిగి రా."

"పేరెందుకే?"

"అద్దంలో నీ ముఖం చూసుకో, తెలుస్తుంది."

కార్ల మధ్య పడ్డాను. ఒక్కో అద్దం తట్టడం, కుర్చీ ఎత్తి చూపించడం. లోపల ఉన్నవాళ్ళు తల అడ్డంగా ఊపడం. ఒక కారులో నలుగురు ఇరుక్కుని బాంజో వాయిస్తూ నన్ను కూడా ఎక్కమన్నారు. ఒక ముసలమ్మ కుర్చీ అమ్మడానికొచ్చాననుకుని ధర ఎక్కువని తిట్టింది. ఎన్ని పసుపు టోపీల కింద తొంగిచూసినా ఆ కళ్ళు దొరకలేదు. దొరక్కపోతే ఏమవుతుందో తలుచుకుంటేనే నాకు నీరసం వచ్చింది.

మైదానం చివర పక్క రాష్ట్రం ఒహాయో నంబరున్న వెండిరంగు కారు ఉంది. తట్టాను. అద్దం దిగింది. లోపల నీలం గౌను ఆవిడ.

"టెస్సా, వీడేనే," అంది.

పక్క సీట్లో ఆ అమ్మాయి. టోపీ తీసేసి, తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటోంది. నేను వెళ్ళిన పని మరిచిపోయాను.

"కుర్చీ," అన్నాను ఎట్టకేలకు. "మీదే. నాది వెనక వరుసలో ఉంది. తప్పయిపోయింది. నా పేరు డాల్టన్."

"మా అమ్మ, రోండా," అంది టెస్సా. "ఇరవయ్యేళ్ళుగా వంటింట్లో తప్ప ఎక్కడా పాడలేదు. నేను ఆ కుర్చీలో కూర్చుంటే నన్ను చూస్తూ పాడతానంది."

"మరి ఎందుకు లేచారండీ? నన్ను తన్ని తగలేయాల్సింది."

"మనం కొట్టుకుంటుంటే చూసి అమ్మ స్టేజి దిగిపోతుంది. ఎవరో ఒకరు నవ్వుతూ కనిపిస్తే చాలనుకున్నాను. మీరు మరీ అంత నిజాయితీగా నవ్వుతారనుకోలేదు."

"నా కూతురికోసం చూస్తే ఎవడో పిచ్చివాడు కనబడ్డాడు," అంది రోండా. "నవ్వు ఆపుకోవడంలో పడి భయపడడం మరిచిపోయాను. ఆ కుర్చీ డిక్కీలో పెట్టు నాయనా."

పెడుతుండగానే మైకులో చెప్పారు. మెరుపులు దాటిపోయాయి గానీ స్టేజి మీద నీళ్ళు నిలిచాయి, ఈ ఏటికి పండగ ఇంతే, జాగ్రత్తగా ఇళ్ళకి వెళ్ళండి.

రోండా కారు తీయబోయింది. చక్రం గిర్రున తిరిగి బురదలో ఇంకా దిగింది. కార్లు లాగే ట్రాక్టరు రావడానికి గంట పడుతుందని పక్క కారువాళ్ళు చెప్పారు.

"ట్రాక్టరెందుకండీ," అన్నాను గొప్పగా. "రోజూ ట్రాక్టర్లు బాగుచేసే చేతులివి. తోసేస్తాను."

అన్న మరుక్షణం నాలుక కరుచుకున్నాను. ఒహాయోకి నాలుగు గంటల దారి. సోమవారం ఆమెకి ఉద్యోగం ఉంటుంది. సొంత కుర్చీలోంచి లేపినవాణ్ణి ఎవరు గుర్తుపెట్టుకుంటారు? ఆమెని నా చేతులతో నేనే పంపించేస్తున్నాను.

టెస్సా దిగి వచ్చి నా పక్కనే డిక్కీకి చేతులు ఆనించింది. రోండా స్టీరింగు పట్టుకుంది. "ఊ, తోయండి," అంది. ఇంజను అరిచింది. బురద ఎగిరి మా ఇద్దరి మీదా పడింది. కారు కాస్త ఊగి అక్కడే ఉండిపోయింది. ఇంకోసారి. మళ్ళీ అంతే.

"మీరు తోయడం లేదు," అంది టెస్సా మెల్లగా.

"తోస్తున్నాను."

"చేతులు ఆనించారంతే. నాకు తెలుస్తోంది."

అబద్ధమాడదామనుకున్నాను, చేతకాలేదు.

"ఇది కదిలితే మీరు వెళ్ళిపోతారు," అన్నాను. "ఏడాది దాకా మళ్ళీ కనబడరు, అసలు వస్తారో రారో. మీరు నాకు నచ్చారు టెస్సా. వాదించినప్పుడే నచ్చారు. అందుకని చేతుల్లోకి బలం రావడం లేదు."

కనురెప్పల మీంచి వాన చుక్కలు జారుతున్నాయి. నా గుండె చప్పుడు ఇంజను చప్పుడుకంటే గట్టిగా వినబడుతోందేమోనని సిగ్గేసింది.

"డాల్టన్," అంది చివరికి. "నేను మొదటి నుంచీ తోయడం లేదు. నువ్వొక్కడివే కదిలించేస్తావేమోనని హడలి చస్తున్నాను."

పిచ్చి సంతోషంతో ఆ కారుని నిజంగానే ఎత్తి అవతల పడేయగలననిపించింది. పడేయలేదు లెండి.

"ఏమైందర్రా?" రోండా అద్దం దించి అరిచింది. "కదలదేం?"

"గట్టిగా కూరుకుపోయిందమ్మా," అంది టెస్సా, చెక్కుచెదరకుండా.

వెనక్కి చూసే అద్దంలో రోండా కళ్ళు మమ్మల్ని చూశాయి. డిక్కీ మీద ఊరికే ఆనుకున్న నాలుగు చేతుల్నీ, వాటిలో ఒకదాని మీదికి ఎక్కిన ఇంకొకదాన్నీ చూశాయి. ఆవిడ ఇంజను ఆపేసింది.

"అయితే ట్రాక్టరు వచ్చేదాకా ఆగుదాం," అంది. "నాకేం తొందర లేదు."

ట్రాక్టరు గంటలోనే వచ్చింది. మేమిద్దరం ఎదురెళ్ళి, దాన్ని ఇంకో కారు దగ్గరికి పంపించేశాం.